పర్దా బండిలో అద్దం

"చంపింది నా బండే అయితే, నడిపినోన్ని పట్టుకొచ్చి నా ముంగట నిలబెట్టు బిడ్డా. ముందు నేను ఉమ్మేస్త, తర్వాత నువ్వు ఉమ్ము. కాని నిజం తెల్వకుంట నా దర్వాజ మీద మన్ను పొయ్యకు."

ఖైసర్ బేగం ఈ మాటలంటూనే పాన్ దంచుతోంది. ఆమెకు పళ్లు లేవు. చిన్న ఇత్తడి రోట్లో ఆకూ వక్కా నలగ్గొట్టుకుంటే గాని నోట పడదు. మొఘల్‌పురాలోని ఆ నవాబుల దేవిడిలో, ఆడవాళ్లుండే లోపలి గదిలో, ఆ దంపుడు చప్పుడు తప్ప మరో అలికిడి లేదు.

అహల్య గోడకు ఆనుకొని ఆ ముసలి చేతులనే చూస్తోంది. నెల రోజులుగా ఈ మనిషిని తలుచుకొని పళ్లు కొరికింది. నిద్రలో కూడా తిట్టింది. కలలోకి వచ్చే బేగం మెడనిండా నగలు దిగేసుకొని, మనుషులను పురుగుల్లా చూసేది. ఈ బేగం కంటికి పొర కమ్మి, జారిపోయిన వక్కపలుకు కోసం చాప మీద తడుముకుంటోంది. అహల్య కోపం ఎక్కడికీ పోలేదు గాని, వాలడానికి కొమ్మ దొరకని కాకిలా గుండెలోనే తిరుగుతోంది.

పక్కన గోదా కూర్చుంది. శాలిబండలో గుడి సేవ చేసుకునే ఇంట పుట్టి, కొన్నేళ్లు ఆడపిల్లల బడిలో పంతులమ్మగా చేసి, చివరికి పోయిన నగలూ దాచిన నిజాలూ వెతికిపెట్టే పనిలో కుదురుకున్న మనిషి. మగ డిటెక్టివులు గడప తొక్కలేని జనానాల్లోకి ఆమె చెప్పులు విడిచి నేరుగా నడిచి వెళ్తుంది. అడిగేది తక్కువ. అడిగిందాన్ని వదలదు.

"బేగం సాబ్, పోయిన చలికాలం శాలిబండ వాలు కాడ ఈమె తమ్ముడు బాలనర్సింహ చచ్చిపోయిండు. పెండ్లి ఇంటికి పూలదండలు ఇయ్యనీకి పోయిన పిల్లగాడు. దీపాలు పెట్టే యాళ్లకు రోడ్డు మీద పడి ఉండె. పక్కన పుట్నాలు వేయించే మహబూబ్ బీ ఒక్కతే చూసింది. పొడుగ్గ నల్ల మోటరు, పచ్చ పర్దాలు. గట్లాంటి బండి ఈ చుట్టుపక్కల మీదొక్కటే."

"నాదొక్కటే. అబద్ధం ఎందుకు. కాని ఆ నెలల నేను ఈడ లేను. గుల్బర్గా దర్గా ఉర్సుకు పోయిన. రైల్ల పోయినం. నా డ్రైవర్ దస్తగీర్ గూడ మాతోనే ఉండె, సామాన్లు మోసుకుంట."

"మరి బండి?"

"రంగుకు ఇచ్చినం, జహంగీర్ కార్ఖానల. మల్లొచ్చినంక తెచ్చుకుందమంటే పెట్రోల్ రేషన్ చిట్టీలు కోసిండ్రు. జర్మనోనితోని లడాయి అంటరు, ఆ లడాయేందో నా బండి మీదనే వచ్చి పడె. ఉన్నకాడనే ఉంచి అమ్మెయ్ అని జహంగీర్‌కు చెప్పిన. గంతే."

"ఇంకొక్కటి. మీ బండిల డ్రైవర్ తలకాడ చిన్న అద్దం ఉండెనా? వెనక ఉన్నది కనపడే అద్దం?"

రోకలి ఆగింది. బేగం రెండు చెవులూ పట్టుకుంది.

"తోబా! పర్దా బండిల అద్దమా? విలాయత్ నుంచి వచ్చినప్పుడు ఉండె. ఆ దినమే పీకిపిచ్చిన. మధ్యల పర్దా ఉంటది, నిజమే, కాని గాలికి లేస్తది. డ్రైవర్ కండ్లు పైకి ఎత్తితే నా మొకం కనపడదా? దస్తగీర్ పదకొండేండ్లు నడిపిండు. నేను నల్లగుంటనో తెల్లగుంటనో వానికి ఇప్పటిదాక తెల్వదు."

గోదా లేచింది. "మీ దస్తగీర్‌ను ఒక్క గంట నా వెంబడి పంపండి."

"తీస్కపో. ఆ బండి మొకం చూస్తే ఏడుస్తడు గాని, తీస్కపో."

గల్లీలోకి వచ్చాక అహల్య నోరు విప్పింది. "గోదమ్మా, నాకేం సమజైతలేదు. ఈమె కాకపోతే మరెవరు? నా తోట కుదువ పెట్టి పైసలు తెచ్చిన. పొద్దుగూకే లోపల బండి తీస్కోకపోతే బొంబాయి సేటు పట్టుకపోతడంట. నా తరఫున తిరుగుతున్న వామన్‌రావు సాబ్ కార్ఖానల కూసొని ఎదురు చూస్తుండు. మనుషులను గూడ మాట్లాడి పెట్టిండు."

"ఏం మనుషులు?"

అహల్య చెప్పడానికి కొంచెం తటపటాయించింది. "రాళ్లు కొట్టేటోళ్లు. బండి కొని, ఎడ్లను కట్టి బేగం దేవిడి దర్వాజ ముంగటికి గుంజుకొస్తం. ఆమె కిటికీల నుంచి చూడంగ సమ్మెటలతోని తుక్కుతుక్కు కొట్టిపిచ్చి నిప్పు పెడ్త. పోలీసు లేదు, కచేరి లేదు, నా న్యాయం నాకు అయితది."

"ఆ ఉపాయం నీదా?"

"రావు సాబ్ చెప్పిండు. నాక్కూడ బాగనిపిచ్చింది."

నిజంగానే బాగనిపించింది. గుడిమల్కాపూర్‌లోని ఆ మల్లెతోట తండ్రి ఇచ్చింది. తెల్లవారుజామున తమ్ముడూ తానూ చెరో సాలు పట్టుకొని మొగ్గలు కోసిన తోట. వాడు పోయాక ఆ సాలు దాటాలంటే ఆమెకు కాళ్లు రాలేదు. తోట పోతే పోనీ, ఆ బండి అద్దాలు భళ్లున పగిలే చప్పుడు ఒక్కసారి చెవిన పడితే చాలనుకుంది. అయినా పూల వ్యాపారం చేసిన మనిషి. పైన తాజా పూలు పరిచి అడుగున వాడినవి పెట్టే మోసం ఎరిగిన మనిషి. బుట్ట అడుగుకు చెయ్యి పెట్టి చూడనిదే ఏదీ కొనదు. ఆ అలవాటే నిన్న ఆమెను గోదా ఇంటి మెట్లెక్కించింది.

"వామన్‌రావును నువ్వు పిలిచినవా, ఆయననే వచ్చిండా?" అంది గోదా.

"నెల కింద ఆయననే వచ్చిండు. బండి బేగందని గూడ ఆయననే చెప్పిండు. తమ్ముని సంగతి పేపర్ల చూసి పానం ఆగలేదన్నడు. ఫీజు గూడ వద్దన్నడు."

గోదా అడుగుల వేగం పెంచింది. వెనకాల దస్తగీర్ కర్రలా నిటారుగా, ఇద్దరు ఆడవాళ్లకు పది బారల దూరంలో, నేల చూస్తూ నడుస్తున్నాడు.

*

శాలిబండలో జహంగీర్ కార్ఖానా అంటే రేకుల పందిరి, నూనె మరకలు, విప్పి పడేసిన చక్రాలు. వాటి మధ్యలో ఆ డెయిమ్లర్ బండి పెళ్లికొడుకులా నిలబడి ఉంది. పొడుగాటి మూతి. గుమ్మడికాయలంత రెండు దీపాలు. కిటికీలకు పచ్చ పట్టు పర్దాలు.

జహంగీర్ పొట్టిమనిషి, మాట మాత్రం పొడుగు. "రా అక్కా రా! ఇది బండి కాదు, బాద్షా. ఇంజన్ తిప్పితే పిల్లి నడిచినట్టు ఉంటది చప్పుడు. పెండ్లికొడుకును ఎక్కియ్యి, మల్లెదండలు నువ్వే చుట్టు, బారాత్‌కు కిరాయి నువ్వు ఎంతంటే అంత!"

"పెట్రోల్ ఎంత తాగుతది?" అంది గోదా.

"తాగుతది. అబద్ధమెందుకు? నవాబులను మోసి మోసి వాళ్ల ఆదతే వచ్చింది దీనికి."

"సామాను విరిగితే?"

"లడాయి అయినంక విలాయత్ నుంచి వస్తది, ఇన్షా అల్లా."

"అయ్యేదాంక?"

"అయ్యేదాంక విరగకుండ నడపాలె." జహంగీర్ తన జోకుకు తానే నవ్వి, చక్రం మీద చెయ్యేశాడు. "ఒక్క కష్టముంది, ముందే చెప్తున్న. దీనికి గేరు కర్ర కింద లేదు. గీ చక్రం కాడ చిన్న పుల్ల ఉంది చూడు. ముందు పుల్ల జరుపాలె, తర్వాత కాలు తొక్కాలె. తెల్వనోడు ఎక్కితే కాలు మీద తన్నుతది గాని అంగుళం కదలదు. నేనే మస్తు రోజులు తిప్పలపడ్డ."

పందిరి నీడలో కుర్చీ వేసుకొని వామన్‌రావు కూర్చున్నాడు. ఆరడుగుల పొడుగు, నల్ల షేర్వాణీ, చేతిలో వెండి పొన్ను కర్ర. జాగీర్దార్ల ఇళ్లలో గుట్టు వ్యవహారాలు చక్కబెడతాడని పేరు. అతడు లేచి అహల్యకు మాత్రం నమస్కారం పెట్టాడు.

"ఆలస్యం చేసినవు అహల్యమ్మా. సేటు మనిషి రెండుసార్లు వచ్చి పోయిండు. వేలిముద్ర వెయ్యి, మిగిలింది నాకొదిలిపెట్టు." తర్వాత గోదా వైపు తిరిగాడు. "గుళ్లె దద్దోజనం పంచే ఇంటి బిడ్డ ఇక్కడికేం పనికి వచ్చింది? బండికి పూజ చెయ్యనీకా?"

"పూజకు ముందు కడగాలె గదా రావుగారూ. ఎక్కడ మైల ఉందో చూస్తున్న," అంది గోదా.

ఆమె బండి చుట్టూ నడిచింది. ముందుకు వెళ్లి దీపాల మీద వేలితో గీసింది. చక్రాల మీది మడ్‌గార్డుల అంచుల వెంట, మూతి కింద, అడుగున చెయ్యి పెట్టి తడిమింది. అహల్యను పిలిచి ఆమె చెయ్యి కూడా అక్కడే పెట్టించింది.

"ఏమన్న తగులుతుందా?"

"నున్నగ ఉంది."

"జహంగీర్ భాయ్, ముందర రేకు ఎప్పుడన్న కొట్టి సాపు చేసినవా? దీపం అద్దం మార్చినవా?"

"లేదక్కా! కసం. ముందర అంత కంపెనీది. దీపాల మీద విలాయతీ ముద్ర గూడ ఉంది, చూడు. నేను వేసింది రంగు, లోపల కట్టెకు వార్నీష్, గంతే."

అహల్య మళ్లీ ఒకసారి తడిమి చూసింది. ఎదిగిన మగమనిషిని గుద్ది చంపిన బండికి ముందు ఒక్క సొట్టయినా పడదా? దీపం బీటయినా వారదా? అయితే ఇది ఆ బండి కాదు. తాను తోటను కుదువ పెట్టింది ఏ పాపమూ ఎరగని రేకుడబ్బా కోసమా?

వామన్‌రావు ఆమె మొహం కనిపెట్టాడు. "భ్రమ పెట్టుకోకు అమ్మా. ఈ విలాయతీ ఇనుము మనిషికి తగిలితే మనిషికే సొట్ట పడ్తది. ఈమె ఆడమాటలు విని చేతిలకొచ్చిన పగను వదిలేస్తవా? తమ్ముని ఆత్మ ఏమంటది?"

ఆ మాటకు అహల్య ఒళ్లు మండింది. "ఒదల," అంది. "చచ్చినా ఒదల."

గోదా అప్పటికే డ్రైవరు పక్క తలుపు తీసి లోపలికి వంగింది. ముందు అద్దం పైన కొయ్య చట్రానికి ఇత్తడి పాదంతో చిన్న అద్దం బిగించి ఉంది. దాన్ని తిప్పబోతే తిరగలేదు. మరసీల తుప్పు పట్టి ఒకే వాటంలో బిగుసుకుపోయింది.

"ఈ అద్దం ఎప్పుడు పెట్టినవు భాయ్?"

"మొన్ననే అక్కా. కొనేటోళ్లు అడుగుతరని."

"వార్నీష్ ఎప్పుడు వేసినవు?"

"అది... చలికాలం. బేగం సాబ్ ఉర్సుకు పోయినప్పుడు."

గోదా కొప్పులోంచి పిన్ను తీసి ఇత్తడి పాదం అంచు వెంట గీసింది. వార్నీషు అక్కడ గట్టులా పేరుకొని ఉంది. పిన్నును పాదం కిందికి దూర్చి చిన్న పెళ్ల లేపింది. కింద పాత కొయ్య, రంగు లేనిది.

"మొన్న పెట్టిన అద్దం చుట్టూ చలికాలం వార్నీష్ గట్టు ఎట్ల కట్టింది? దాని కిందికి ఎందుకు పోలేదు? వార్నీష్ వేసిననాటికే అద్దం ఉంది. అవునా?"

జహంగీర్ నుదుటి చెమట తుడుచుకున్నాడు. అతడి కళ్లు పందిరి నీడలోకి పోయి, కాలినట్టు వెనక్కి వచ్చాయి.

"మధ్యల పర్దా ఏది?" అంది గోదా మళ్లీ. "డ్రైవర్‌కు, వెనక సీటుకు నడుమ ఉండేది. కమ్మీ ఉంది, గుడ్డ లేదు. పక్క పర్దాలు మాత్రం కొత్తగనే ఉన్నయి."

"యాది లేదక్కా. చినిగి ఉంటది. నాకేం యాది లేదు. పిల్లలు గలోన్ని, నన్ను అడగకు."

"వాన్ని బెదిరిస్తే పర్దాలు మాట్లాడుతయా?" వామన్‌రావు నవ్వాడు. "అద్దముంటే ఏంది, లేకుంటే ఏంది? మోటరన్నంక అద్దముంటది."

"మీరు నడుపుతరా రావుగారూ?"

"నేనా? నేను జట్కాల తిరిగే మనిషిని. ఈ పుట్టుకల మోటరు చక్రం పట్టలేదు. ఇట్లాంటి బండ్ల ఎక్కను గూడ ఎక్కలేదు. నా పని బుద్ధితోని."

గోదా అహల్య చెయ్యి పట్టుకొని బండి వెనక్కి తీసుకుపోయింది. గొంతు తగ్గించింది.

"విను. మహబూబ్ బీ ఏమన్నది? బండి ఆగింది, నడిపేటోడు తల పైకెత్తి చిన్నద్దంల చూసిండు, తర్వాత పోయిండు. మొకానికి మఫ్లర్ ఉండె. అంతే గదా? వెనక కిటికీకి గూడ పర్దా ఉన్న బండిల అద్దం పెడితే ఏం కనపడ్తది? రోడ్డు కనపడదు. ఎనక సీట్ల కూసున్న మనిషి కనపడ్తడు. మధ్య పర్దా తీసింది గూడ అందుకే. బయటోళ్లు లోపలికి చూడొద్దు, తను మాత్రం ఎనకున్నోని మీద కన్నెయ్యాలె. పర్దా బండిని సుంకం నాకాల కాడ ఎవరు ఆపరు, ఎవరు తొంగి చూడరు. బేగం ఊర్ల లేనప్పుడు ఈ బండిని ఎవడో వాడుకున్నడు."

"ఎవడు?" అంది అహల్య. "పేరు చెప్పు గోదమ్మా. నాకు పేరు గావాలె. నెల నుంచి ఒక మొకాన్ని తిట్టుకుంటున్న, అది కాదని పొద్దున చూపిస్తివి. మొకం లేనోని మీద ఎట్ల పగ పట్టాలె?"

"పేరు నేను చెప్పను. నువ్వే చూస్తవు. ఒక్కటి ఆలోచించు. ఈ బండి తుక్కయితే ఎవనికి లాభం? చంపినోడే కొని పలగ్గొడితే లోకం ఎందుకని అడుగుతది. ఏడ్చే అక్క పలగ్గొడితే ఎవరడుగుతరు? నువ్వు సమ్మెట ఎత్తితే, నీ తమ్ముణ్ణి చంపినోని పని నీ చేతులతోని, నీ తోట పైసలతోని చేసిపెట్టినట్టు."

నెల రోజులుగా చెవిలో పోరిన గొంతు, కన్నీళ్లు తుడుచుకోమని రుమాలు ఇచ్చిన చెయ్యి, ఫీజు వద్దన్న మంచితనం అహల్యకు ఒకదాని వెంట ఒకటి గుర్తొచ్చాయి. వాడిన పూలను వేలితో తాకితే వచ్చే జిగట లాంటిదేదో అరచేతికి అంటినట్టయింది.

"నేనేం చెయ్యాలె?"

"వెనక సీట్ల కూసో. పర్దాలు వేస్త. ఏం జరిగినా మాట్లాడకు."

*

వెనక తలుపు జహంగీర్ తీశాడు. అహల్య ఎక్కగానే మెత్తటి తోలు సీటు ఆమెను లోపలికి లాక్కుంది. గోదా పర్దాలు జరిపింది. లోపల పచ్చటి మసక. పాత అత్తరు వాసన.

"అహల్య ఈ బండి తీసుకునేటట్టుంది," బయట గోదా గొంతు గట్టిగా వినిపించింది. "కాని అద్దం తిరగదు. ఎట్లాంటి డ్రైవర్‌కు సరిపోతదో చూడాలె గదా. ఒక్కొక్కరు కూసొని అద్దంల ఏం కనపడ్తదో చెప్పండి. దస్తగీర్ చాచా, ముందు నువ్వు."

దస్తగీర్ ఎక్కాడు. స్టీరింగును ముసలి తల్లి చేతుల్లా పట్టుకున్నాడు. వెనక నుంచి అహల్యకు అతడి మెడ మాత్రమే కనబడింది. ఆ మెడ ఎటూ కదల్లేదు.

"ఏం కనపడ్తుంది చాచా?"

"ముంగట గోడ."

"అద్దంల?"

"అద్దం దిక్కు నేను చూడలే బిడ్డా. ఎనక ఆడమనిషి కూసున్నది గదా." ఆ మాటంటూనే అతడు దిగిపోయాడు.

తర్వాత జహంగీర్. మెడ చాచాడు, నిక్కాడు. "సీలింగ్ గుడ్డ కనపడ్తుందక్కా. నా అసుంటి పొట్టోనికి పనికిరాదు."

"రావుగారూ, మీరు?"

"నాతోని ఈ పిల్లాటలేంది?"

"పొడుగు మనిషికి సరిపోతదో లేదో తెలుస్తది. భయమైతే వద్దు లెండి. ఎన్నడూ మోటరు ఎక్కలేదంటిరి గదా."

రాళ్లు కొట్టేవాళ్లిద్దరూ గల్లీ మొదట నుంచి తొంగి చూసి కిసుక్కుమన్నారు. పదిమందిలో భయమన్న మాట పడ్డాక వామన్‌రావు వంటి మనిషి ఊరుకోలేడు. కర్ర జహంగీర్‌కిచ్చి, విసురుగా ఎక్కి, తలుపు ధడాలున వేసుకున్నాడు.

సీటు కిర్రుమంది. అహల్య ఎదుట ఆ చిన్న అద్దంలో అంతవరకూ బూడిదరంగు గుడ్డే ఉంది. ఇప్పుడందులోకి రెండు కళ్లు వచ్చాయి. మెడ చాచలేదు, నిక్కలేదు. ఎవరో కొలత తీసి కుట్టిన అంగీలా, ఆ అద్దం ఆ కళ్లకు సరిగ్గా సరిపోయింది.

అహల్య ఆ కళ్లనే చూసింది. తనకు తెలియకుండానే చెంపల మీద నీళ్లు కారుతున్నాయి. అవి ఏడుపువి కావు. తోట ముళ్లకంచెకు చీరుకుపోయినా కంట నీరు పెట్టని ఆడది, కోపం పట్టలేక కార్చిన నీళ్లు.

కళ్లు ఆమె మొహం మీద ఆగాయి. నెల రోజుల అలవాటు చొప్పున గొంతు మెత్తబడింది.

"ఏడుస్తున్నవా అహల్యమ్మా? ఇంకెంతసేపు, పొద్దుగూకే లోపల నీ కడుపు చల్లబడ్తది."

బయటి నుంచి గోదా అడిగింది, తాపీగా.

"ఆమె ఏడుస్తున్నట్టు మీకెట్ల తెలిసింది రావుగారూ? మీరు వెనక్కి తిరగలే. పర్దాలు వేసి ఉన్నయి. ఎన్నడూ ఎక్కని బండిల, ఎటూ తిరగని అద్దం, జహంగీర్‌కు అందలే, మీకెట్ల అందింది?"

అద్దంలో కళ్లు అహల్య మీద నుంచి కదల్లేదు. వాటిలో మెత్తదనం, పొయ్యి మీది నీటిచుక్కలా, చూస్తుండగానే ఇగిరిపోయింది.

గోదా మాట్లాడొద్దంది. కాని అహల్యకు ఇక ఆగబుద్ధి కాలేదు. ఇన్నాళ్లూ పగకు మొకం కావాలని దేవులాడింది, ఇప్పుడది మూరెడు దూరంలో ఉంది.

"జహంగీర్ భాయ్!" అని అరిచింది. "కాయితం తే. బండి నేను కొంటున్న. కాని ఒక్క మేకు గూడ కదలనియ్య. మహబూబ్ బీని పిలిపిచ్చి గిట్లనే, గీ అద్దం తోనే చూపిస్త. ఊరంతటికి చూపిస్త."

వామన్‌రావు కుడిచెయ్యి కిందికి వెళ్లింది. ఇంజను పిల్లి అడుగులా మేలుకుంది. వేలు చూడకుండానే చక్రం కింది చిన్న పుల్లను జరిపింది. కాలు తొక్కింది. తెలియనివాణ్ణి తన్నే ఆ బండి, పాత యజమానిని గుర్తుపట్టిన గుర్రంలా, కుదుపన్నది లేకుండా ముందుకు సాగింది.

"ఆపు! రావు సాబ్, ఆపు!" జహంగీర్ కేక. గోదా ఫుట్‌బోర్డు మీదికి దూకింది. తలుపు పట్టుకొని ఒక్క బార వేలాడింది. బండి పందిరి గుంజను రాసుకుంటూ మలుపు తిరిగేసరికి ఆమె చెయ్యి ఊడి, దస్తగీర్ కాళ్ల దగ్గర పడింది. ఆమె పిలుపు వెనకబడిపోయింది.

బండి శాలిబండ రోడ్డెక్కింది. బయట జట్కావాళ్లు పక్కకు తప్పుకుంటున్న చప్పుడు. హటో, జనానా సవారీ, హటో అని ఎవరో దారి కూడా చేస్తున్నారు. పచ్చ పర్దాలు చూసి మర్యాదగా మొహం తిప్పుకుంటున్న మనుషులను అహల్య చూడకుండానే ఊహించగలిగింది.

ఆమె చెయ్యి తలుపు మీద పిడి కోసం వెతికింది. పిడి లేదు. పిడి ఉండాల్సిన చోట వేలికి రెండు మరసీల బొక్కలు తగిలాయి. రెండో తలుపు తడిమింది. అక్కడా అంతే. ఈ సీట్లో కూర్చున్నవాళ్లు బయటివాళ్లు తీస్తే తప్ప దిగలేరు.

"అరవకు," అన్నాడు వామన్‌రావు. మాట మామూలుగానే ఉంది. "గోదమ్మకు తెలివి ఎక్కువ. నీకు తక్కువుంటే నువ్వన్న బతికేదానివి. ఒక్క సమ్మెట దెబ్బ కొట్టి ఇంటికి పోయి పండుకునేదానివి."

"నా తమ్ముడు నీకేం చేసిండు?" ఆమె గొంతు తనకే కొత్తగా వినిపించింది. వణుకు లేదు. "రోడ్డు మీద పోయేటోన్ని ఎందుకు గుద్దినవు?"

అద్దంలో కళ్లు కొంచెం చిన్నవయ్యాయి. నవ్వుతున్నాడని అర్థం కావడానికి ఆమెకు క్షణం పట్టింది.

"ఎవడు గుద్దిండు? ముందర సొట్ట ఏదన్న కనపడ్డదా నీకు?" బండి వాలు మొదలైంది. "మీ తమ్ముడు రోడ్డు మీద లేడు అహల్యా. నువ్వు కూసున్నకాడనే కూసున్నడు. నీ పూలబుట్టల అడుగున నా వెండి నాకా దాటిపిచ్చింది వాడే, ఏడాది పొడుగునా. ఆ దినం ఇగ చెయ్యనన్నడు, అక్కకు చెప్పేస్త అన్నడు. ఈ అద్దం వాని కోసమే బిగిపిచ్చిన. ఈ వాలు కాడికి రాంగనే, అవతలి ఫుట్‌బోర్డు మీదున్న మనోళ్లు తలుపు తీసి పోతున్న బండిల నుంచి వాన్ని కిందికి గుంజిండ్రు. అంతే."

మనోళ్లు. ఎవరు ఆ మనోళ్లు? బుట్టలు సర్దేది తన తోటలో, తన మనుషులు. ఆ ఆలోచన వచ్చింది, కాని నిలవలేదు. ఎదురుగా షేర్వాణీ కాలరు మీద తెల్లటి మెడ, రోడ్డు కుదుపుకు కొద్దికొద్దిగా ఊగుతోంది. మధ్య పర్దాను అతడే పీకేయించాడు. ఆమెకూ ఆ మెడకూ నడుమ గుడ్డపేలిక కూడా అడ్డం లేదు.

అహల్య తలుపు మీద నుంచి చేతులు తీసింది. రోజుకు వెయ్యి మూరల దండ బిగించి కట్టే చేతులవి. భుజం మీది కొంగు తీసి రెండు పిడికిళ్లకూ చుట్టుకొని, అద్దంలో అతడు చూస్తుండగానే, ఆ మెడ మీదికి వంగింది.